కప్పతల మలుగు – లోతునీటి చేపను గుర్తుపట్టడం ఎలా?

పాములా కనిపించిందల్లా మలుగు కాదు. జంతుశాస్త్రం చదువుతున్న తమ్ముళ్ళు మొట్టమొదట గమనించవలసిన విషయం ఇది. మృగశిర కార్తె నాడు వరంగల్ చేపల మార్కెట్టుకు వెళ్తే కొరమేను, రవ్వ, బొచ్చెల పక్కన సన్నగా, పొడుగ్గా, ముట్టె కొనదేలిన పాపెరలు కనబడతాయి. కోస్తా జిల్లాల వారు వీటినే బొమ్మిడాయిలు అంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో దీని పేరు స్పైనీ ఈల్. పేరులో ఈల్ ఉంది కదా అని దీన్ని ఈల్ చేపల క్రమంలో చేర్చి మార్కులు పోగొట్టుకునే వారు ప్రతి సంవత్సరం ఉంటారు. పాపెర వీపు మీద వేలు తోక వైపు నుంచి తల వైపుకు జరిపి చూడండి, వరుసగా ముళ్ళు తగులుతాయి. నిజమైన ఈల్‌కు వాజాలలో మెత్తని కిరణాలే తప్ప ముళ్ళు ఉండవు. పాపెరది సిన్‌బ్రాంకిఫార్మిస్ క్రమం, ఈల్‌లది ఆంగ్విల్లిఫార్మిస్ క్రమం. రెండూ సన్నగా పొడుగ్గా ఉండటం బురదలో, రాళ్ళ సందుల్లో దూరడానికి పనికివచ్చే ఆకారం మాత్రమే, చుట్టరికం కాదు. పోటీ పరీక్షల వారికి ఇష్టమైన ఎలక్ట్రిక్ ఈల్ కూడా ఇంతే. దక్షిణ అమెరికా నదుల్లో ఉండే ఆ చేపది జిమ్నోటిఫార్మిస్ క్రమం.

మన నదుల్లో నిజమైన ఈల్ ఒకటుంది. దాన్ని మలుగు అని, మలుగుపాము అని అంటారు. శాస్త్రీయ నామం ఆంగ్విల్లా బెంగాలెన్సిస్. ఈ వ్యాసంలో ఈల్ అన్న మాటకు బదులు మలుగు అనే వాడుతున్నాను. అయితే మన పాఠం గోదావరి మలుగు గురించి కాదు. బంగాళాఖాతం, అండమాన్ సముద్రాలలో వందల మీటర్ల లోతున బతికే దాని దూరపు బంధువు గురించి. దాని పేరు కోలోకాంగర్ రానిసెప్స్.

ఈ పేరు చూసి భయపడనక్కరలేదు. ఇంటర్మీడియట్ పాత పుస్తకాల్లో కప్ప పేరు రానా హెక్సాడాక్టైలా అని చదివిన అన్నలు మనలో ఉన్నారు. ఆ రానాయే ఇది. లాటిన్‌లో రానా అంటే కప్ప. చివర ఉన్న 'సెప్స్' తలకు సంబంధించినది. మన చేతి పైభాగంలోని బైసెప్స్ కండరం పేరులోనూ ఇదే ఉంది, రెండు తలల కండరం అని దాని అర్థం. కాబట్టి రానిసెప్స్ అంటే కప్పతల. ఇక ప్రజాతి పేరులో 'కోలో' అంటే గ్రీకులో కురచ, కత్తిరించినట్లున్నది అని. కాంగర్ అంటే సముద్రపు మలుగు. మొత్తం కలిపితే "కప్పతల గల కురచ సముద్రపు మలుగు". పేరు పెట్టినవాడు చేప గుర్తింపు లక్షణాలలో రెండింటిని పేరులోనే ఇరికించాడు. తెలుగు మీడియం నుంచి వచ్చి డిగ్రీలో శాస్త్రీయ నామాలను బట్టీపట్టలేక జంతుశాస్త్రం వదిలేద్దామనుకునే తమ్ముళ్ళు పేర్లను ఇలా విడదీసి చూడండి. బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది.

పేరు పెట్టిన కథ

మన తీరంలోని చేపలకు శాస్త్ర గ్రంథం మొదట తయారైంది విశాఖపట్నంలో. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో అక్కడ ఉండి, బెస్తవారు తెచ్చిన చేపలకు బొమ్మలు వేయించి, వివరాలు రాసుకున్నాడు. రెండు వందల చేపలతో ఆ గ్రంథం 1803లో లండన్‌లో అచ్చయింది. రస్సెల్స్ వైపర్ అని మనం చదివే రక్తపింజరికి ఆ పేరు వచ్చింది కూడా ఈయన వల్లనే. ఆ గ్రంథంలో ఎన్నో చేపలకు స్థానికులు పిలిచే పేర్లు నమోదు చేశాడు. అంటే చేపను చూపించి పేరు చెప్పిన బెస్తవారి మాట కూడా ఆ శాస్త్ర గ్రంథంలో నిలిచింది. కాని ఆ రెండు వందల చేపలూ తీరం దగ్గర దొరికినవే. అంతకన్నా లోతున ఏముందో ఆనాడు ఎవరికీ తెలియదు.

అది తెలియడానికి ఇంకా ఎనభై ఏళ్ళు పైగా పట్టింది. 1881లో బొంబాయిలో ఇన్వెస్టిగేటర్ అనే సర్వే స్టీమరును నీటిలోకి దింపారు. దాని అసలు పని ఓడల రాకపోకల కోసం సముద్రపు లోతులు కొలిచి పటాలు తయారు చేయడం. ఆ పని మధ్యలో వీలు చిక్కినప్పుడు లోతుకు వల దించేవారు. ఈ స్టీమరులో 1888 నుంచి 1892 వరకు వైద్యుడుగా, ప్రకృతి శాస్త్రవేత్తగా ఉన్నవాడు ఆల్‌ఫ్రెడ్ విలియం ఆల్కాక్. 1885 నుంచి 1889 వరకు బంగాళాఖాతంలోనూ, దాని పక్క సముద్రాలలోనూ వలకు చిక్కిన లోతునీటి చేపలను వర్ణిస్తూ 1889లో ఆయన ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. కోలోకాంగర్ ప్రజాతి, రానిసెప్స్ జాతి రెండూ ఆ 1889 నాటివే. తర్వాత ఆయన కలకత్తా ఇండియన్ మ్యూజియానికి సూపరింటెండెంటుగా పనిచేసి, 1899లో ఆ మ్యూజియంలోని లోతునీటి చేపల వివరణ పట్టికను అచ్చు వేయించాడు.

ఆల్కాక్ లోతును ఫాదంలలో రాశాడు. ఒక ఫాదం అంటే ఆరు అడుగులు, సుమారు 1.83 మీటర్లు. ఇది మనకు కొత్త కొలత కాదు. రెండు చేతులూ చాచి తాడు కొలిచే మన 'బార' ఇదే. నాలుగు మూరలు ఒక బార. బావి లోతు బారల్లో చెప్పే పెద్దవాళ్ళు మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు. మూడు వందల బారల తాడు నీటిలోకి నిలువుగా దిగితే దాదాపు 550 మీటర్లు. ఆ లోతున వెలుగు ఉండదు. ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతూ పోయి అక్కడ పీడనం ఉపరితలం మీద కన్నా యాభై రెట్లు దాటుతుంది. బంగాళాఖాతం పైన 28 డిగ్రీల వేడి ఉన్న రోజున కూడా ఆ అడుగున నీళ్ళు 10 డిగ్రీల దగ్గరే ఉంటాయి. తెప్ప మీద వెళ్ళే మన బెస్తవారి వలలు అంత లోతుకు చేరేవి కావు కాబట్టే ఈ చేపకు వాడుకలో తెలుగు పేరు లేదు. "కప్పతల మలుగు" అన్నది ఈ వ్యాసం కోసం శాస్త్రీయ నామాన్ని తెలుగు చేసి పెట్టుకున్న పేరు.

వర్గీకరణ

రాజ్యం: జంతు రాజ్యం
వర్గం: కార్డేటా
విభాగం: ఆక్టినోటెరిజియై (కిరణ వాజపు చేపలు)
క్రమం: ఆంగ్విల్లిఫార్మిస్
కుటుంబం: కోలోకాంగ్రిడే
ప్రజాతి: కోలోకాంగర్
జాతి: రానిసెప్స్

ఇందులో విభాగానికీ క్రమానికీ మధ్య ఒక ముఖ్యమైన మెట్టు ఉంది. దాని పేరు ఎలోపోమార్ఫా. మలుగులతో పాటు టార్పన్ అనే చేప కూడా ఈ సముదాయంలోనే ఉంది. టార్పన్ వెండిలా మెరిసే పెద్ద పొలుసులతో, చీలిన తోకతో మామూలు చేపలా ఉంటుంది. మలుగును, దీన్ని పక్కపక్కన పెడితే ఒక్క పోలికా కనబడదు. మరి ఒకే సముదాయంలో ఎందుకు పెట్టారు? వాటి పిల్లలను చూసి పెట్టారు.

ఈ చేపల డింభకాన్ని లెప్టోసెఫాలస్ అంటారు. తల చిన్నగా, ఒళ్ళు రావి ఆకులా పలచగా, గాజులా పారదర్శకంగా ఉంటుంది. దాని వెనుక అచ్చుపుస్తకం పెడితే అక్షరాలు చదవవచ్చు. పెద్ద చేపకు దీనికి ఏ పోలికా లేకపోవడంతో చాలాకాలం దీన్ని వేరే ప్రజాతి చేపగానే లెక్కించి లెప్టోసెఫాలస్ అని పేరు పెట్టారు. ఇటలీలో గ్రాస్సీ, కలాండ్రుచ్చో అనే ఇద్దరు 1890లలో వీటిని తొట్లలో పెట్టి గమనించి, అవి మలుగు పిల్లలేనని తేల్చారు. గ్రాస్సీ పేరు మీరు వినే ఉంటారు, మలేరియా క్రిమి ఎనాఫిలిస్ దోమలో పెరిగే తీరును వివరించిన వారిలో ఆయన ఒకడు. ఈ ఆకు డింభకం ఆధారంగా 1966లో గ్రీన్‌వుడ్, ఆయన సహచరులు టార్పన్‌లను, మలుగులను ఒక్క గూటికి చేర్చారు. పెద్దయ్యాక ఎంత వేరుగా కనిపించినా బాల్యం ఒకటే కాబట్టి అవి ఒకే సముదాయం. వర్గీకరణ శాస్త్రంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వాదన ఇదే.

గుర్తింపు లక్షణాలు

ముందు అది మలుగేనా అన్నది తేల్చుకోవాలి. శ్రోణి వాజాలు ఉండవు. పృష్ఠ వాజం వీపు పొడవునా వెళ్ళి తోక కొనలో పుచ్ఛ వాజంతో, అక్కడి నుంచి కిందికి తిరిగి పాయు వాజంతో కలిసి ఒకే అంచులా ఉంటుంది. మొప్పల ద్వారం చిన్నది. ఇవన్నీ ఉంటే అది ఆంగ్విల్లిఫార్మిస్. సముద్రపు పామును చూసి మలుగనుకునే ప్రమాదం కూడా ఉంది. పాముకు ఒంటినిండా పొలుసులుంటాయి, మొప్పలూ వాజాలూ ఉండవు, తోక తెడ్డులా అణిగి ఉంటుంది. విషసర్పం కాబట్టి ఈ తేడా చేత్తో పట్టుకోకముందే చూడాలి.

ఇక కప్పతల మలుగు సంగతి. మలుగులన్నింటిలో సన్నదనం తక్కువ ఉన్న కుటుంబం ఇది. పాములా కాక, మధ్యలో బలిసి, పొట్టిగా ఉంటుంది. పెద్దదైతే అర మీటరు దాకా పెరుగుతుంది. తల పెద్దది, ముట్టె మొద్దుగా గుండ్రంగా ఉంటుంది, నోరు వెడల్పు, కళ్ళు పెద్దవి. పై నుంచి చూస్తే కప్ప తల గుర్తుకు రావడం సహజమే. ఉరో వాజాలు బాగా పెరిగి ఉంటాయి. చర్మం మీద పొలుసులు లేవు. రంగు గోధుమ నుంచి ముదురు గోధుమ.

కాని రంగును, మొత్తం రూపాన్ని నమ్ముకుని జాతి తేల్చరాదు. చచ్చిన చేప రంగు గంటల్లో మారుతుంది, లోతునుంచి పైకి లాగిన చేప పీడనం తగ్గి ఉబ్బుతుంది. నమ్మదగినవి లెక్కలు, కొలతలు. అందులో మూడింటిని గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటిది పాయువు స్థానం. చాలా సముద్రపు మలుగులలో పాయువు శరీరం సగానికి ముందే ఉంటుంది, అంటే తోకే పొడుగు. కోలోకాంగర్‌లో పాయువు సగం దాటాక ఉంటుంది, తోక కురచ. ఈ కుటుంబాన్ని ఇంగ్లీషులో కురచతోక మలుగులు అనడానికి కారణం ఇదే. దీనికి ఒక స్కేలు చాలు. ఉదాహరణకు మీ ముందున్న చేప మొత్తం పొడవు 400 మిల్లీమీటర్లు, ముట్టె కొన నుంచి పాయువు వరకు 220 మిల్లీమీటర్లు అనుకోండి. 220ని 400తో భాగించి నూరుతో గుణిస్తే 55 శాతం. యాభై దాటింది కాబట్టి ఇది కురచతోకది. అదే పొడవున్న ఇంకో చేపలో 160 వస్తే 40 శాతం. అది కోలోకాంగర్ కాదు.

రెండవది నోటి లోపల చూడవలసినది. అంగిలి నడుమ వోమర్ అనే ఎముక ఉంటుంది. విశాఖ హార్బరులో పాముచేప అని అమ్మే మ్యురీనిసాక్స్ నోరు తెరిస్తే ఆ వోమర్ మీద వరుసగా పెద్ద పళ్ళు కనబడతాయి. కోలోకాంగర్‌కు వోమర్ మీద పళ్ళు అసలు ఉండవు. వేలు పెట్టి కాదు, చిమ్టాతో నోరు తెరిచి చూడాలి. పళ్ళున్న ముట్టె పొడుగు మలుగా, పళ్ళు లేని ముట్టె మొద్దు మలుగా అన్నది ఈ ఒక్క చూపుతో తేలిపోతుంది. నా దృష్టిలో అన్ని లక్షణాలలోకీ ఇది తేలికైనది, తప్పు జరగడానికి వీలు తక్కువైనది.

మూడవది పార్శ్వ రేఖ. నీటిలో కదలికను పసిగట్టే ఈ రేఖ కోలోకాంగర్‌లో తల నుంచి తోక దాకా పూర్తిగా ఉంటుంది, దాని రంధ్రాలు చాలావరకు పొట్టి గొట్టాల కొసన తెరుచుకుంటాయి. భూతద్దం కింద చూస్తే తెలుస్తుంది. చీకటిలో బతికే జంతువుకు కంటితో పాటు ఈ రేఖ కూడా చూపు వంటిదే.

ఇంతవరకు చూస్తే ప్రజాతి తేలుతుంది. కోలోకాంగర్‌లో రానిసెప్స్ ఒక్కటే లేదు. మెక్సికో సింధుశాఖ వైపు మీడీ అనే జాతిని 1957లో, ఆఫ్రికా పశ్చిమ తీరం నుంచి కాడెనాటి అనే జాతిని 1961లో కానజావా వర్ణించాడు. పశ్చిమ పసిఫిక్‌లో మరికొన్ని ఉన్నాయి. వీటిని విడదీయడానికి పార్శ్వ రేఖ రంధ్రాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాలి, ఎక్స్‌రే తీసి కశేరుకాలను లెక్కించాలి. ఈ కుటుంబంలో కశేరుకాల సంఖ్య 142 నుంచి 163 మధ్య ఉంటుంది. మనిషికి 33 అని చదివిన మనకు ఇది ఎక్కువే అనిపిస్తుంది కాని, మలుగులలో ఇది పెద్ద సంఖ్య కాదు. కశేరుకాల లెక్క చేప బతికి ఉన్నా, చచ్చినా, వందేళ్ళు సీసాలో ఉన్నా మారదు. అందుకే మలుగుల శాస్త్రజ్ఞులు రంగు కన్నా దీనికి విలువ ఇస్తారు.

1889 వ్యాసంలోనే ఆల్కాక్ ఇంకో లోతునీటి మలుగుకు గేవియాలిసెప్స్ టీనియోలా అని పేరు పెట్టాడు. గేవియల్ అంటే మొసలి జాతికి చెందిన ఘరియాల్. సెప్స్ సంగతి ఇప్పుడు మీకు తెలుసు. ముట్టె ఘరియాల్‌ది వలె పొడుగ్గా, ఒళ్ళు రిబ్బను వలె ఉంటుంది. కప్పతలకు, మొసలితలకు తేడా పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. అయితే ఈ మొసలితల మలుగును ఏ కుటుంబంలో పెట్టాలన్నదానిపై శాస్త్రజ్ఞుల అభిప్రాయాలు మారుతూ వచ్చాయి. డీఎన్ఏ పోల్చడం మొదలయ్యాక లోతునీటి మలుగుల కుటుంబాల సరిహద్దులు కొన్ని కదిలాయి. కాబట్టి పాత పుస్తకంలో ఒక కుటుంబం, కొత్త పుస్తకంలో ఇంకో కుటుంబం కనబడితే కంగారు పడవద్దు. జాతి పేరు పట్టుకుని వెతకండి.

గోదావరి మలుగు పుట్టిల్లు

2010లో జపాన్ శాస్త్రజ్ఞుడు ఇనోవె, ఆయన సహచరులు 56 జాతుల మలుగుల మైటోకాండ్రియా డీఎన్ఏను మొత్తంగా పోల్చారు. మంచినీటి ఆంగ్విల్లాకు దగ్గరి చుట్టాలు తీరంలో ఉండే మలుగులు కావు, నడిసముద్రపు లోతుల్లో ఈదే మలుగులు అని తేలింది. అంటే గోదావరి మలుగు పూర్వీకులు లోతునీటి వారు. ఆంగ్విల్లా జాతులన్నీ పెరగడానికి నదికి వచ్చినా, గుడ్లు పెట్టడానికి మళ్ళీ దూర సముద్రానికి వెళ్ళడం మనకు తెలుసు. పురుటికి పుట్టింటికి వెళ్ళినట్లన్నమాట. మన బెంగాలెన్సిస్ ఆ పుట్టింట్లో గుడ్లు పెట్టే చోటును ఇంతవరకు ఎవరూ కళ్ళతో చూడలేదు. గుడ్లు పెట్టాక తల్లి తిరిగి రాదు. ఆకులాంటి పిల్లలు ప్రవాహంలో కొట్టుకువచ్చి, తీరం చేరాక సన్నని గాజుపుల్లల్లా మారి నదికి ఎదురెక్కుతాయి. ధవళేశ్వరంలో 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి గోదావరిలో ఎదురెక్కే ప్రతి చేపకు అది మొదటి గోడ. ఆ తర్వాత పైన ఎన్నో గోడలు వచ్చాయి. ఏటూరునాగారం వైపు తమ్ముళ్ళు మీ తాతలను అడగండి, మలుగు ఎప్పుడు చూశారో, ఎంత పొడవుందో. వారు చెప్పింది ఊరి పేరుతో, సంవత్సరంతో రాసుకుంటే అది కూడా శాస్త్రానికి పనికివచ్చే సమాచారమే.

మలుగుల జాబితా ఇంకా పూర్తికాలేదు. 2017లో భారత జంతు సర్వేక్షణ సంస్థకు చెందిన అనిల్ మహాపాత్ర, ఆయన సహచరులు ఒక కొత్త మోరే మలుగును వర్ణించి గిమ్నోథొరాక్స్ విశాఖెన్సిస్ అని పేరు పెట్టారు. దొరికింది విశాఖపట్నంలో. మోరేలకు ఉరో వాజాలు ఉండవు కాబట్టి కప్పతలతో కలపడానికి వీలులేదు. రస్సెల్ వెళ్ళిన రెండు వందల ఏళ్ళకు, అదే రేవులో, పేరులేని చేప ఒకటి ఇంకా మిగిలి ఉందన్నమాట.

లోతునీటి రొయ్యల కోసం వేసే ట్రాలు వలల్లో ఇలాంటి మలుగులు పడుతూనే ఉంటాయి. ధర పలకవు కాబట్టి తిరిగి సముద్రంలోకో, ఎండబెట్టి దాణా మిల్లుకో పోతాయి. మన కాలేజీల నుంచి విశాఖ విజ్ఞాన యాత్రకు వెళ్ళే తమ్ముళ్ళు హార్బరులో ఈ చెత్త చేపల కుప్ప దగ్గర పది నిమిషాలు ఆగండి. పడవవారిని మర్యాదగా అడిగితే ఒకటి రెండు ఇస్తారు. ముందు తాజా రంగు రాసుకోవాలి, ఎందుకంటే ఫార్మలిన్‌లో రంగు నిలవదు. తర్వాత పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయాలి, పొడవు, పాయువు వరకు పొడవు కొలవాలి, నోరు తెరిచి వోమర్ చూడాలి. ఫార్మలిన్ పట్టుకునేది లెక్చరర్ గారి ఎదుటనే, చేతికి తొడుగుతోనే. లోపలి భాగాలు కుళ్ళకుండా పొట్ట మీద చిన్న గాటు పెట్టి పది శాతం ఫార్మలిన్‌లో ఉంచాలి. చీటీ మీద పెన్సిలుతో తేదీ, రేవు, వల రకం, పడవవారు చెప్పిన లోతు, వారు ఆ చేపను పిలిచిన పేరు రాసి సీసా లోపలే వేయాలి. సిరా అయితే కరిగిపోతుంది.